చెవి తమ్మెకు చీము పడితే

మల్కాజ్‌గిరిలో పసిపిల్లల చెవులు కుట్టించడానికి దారులు చాలానే ఉన్నాయి. బారసాల నాడు అవుసలాయనను ఇంటికే పిలిపించుకునేవాళ్లు కొందరు. కీసరగుట్టలోనో యాదగిరిగుట్టలోనో పుట్టువెంట్రుకలు తీయించి, ఆ ముహూర్తంలోనే చెవులూ కుట్టించేవాళ్లు మరికొందరు. ఈ మధ్య బంగారం దుకాణంలో గన్‌తో కుట్టించడం ఎక్కువైంది. పిల్లల డాక్టరు దగ్గరే ఆ పని చేయించేవాళ్లూ ఉన్నారు. ఎవరు కుట్టినా, వారం పది రోజులు తిరిగేసరికి కొందరు పిల్లల తమ్మెలు ఎర్రగా కందుతాయి, ఉబ్బుతాయి, రసి కారుతాయి. దుద్దు చుట్టూ పసుపుపచ్చగా పక్కు కడుతుంది. అప్పుడు ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న ‘ఏం రాయాలి?’ అన్నదే. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులు. నా వాదన ఏమిటంటే అది రెండో ప్రశ్న. తమ్మెకు తనంతట తాను మానే శక్తి పుష్కలంగా ఉంది. కాబట్టి ముందుగా అడగాల్సింది, దాన్ని మాననివ్వకుండా అడ్డుపడుతున్నది ఏమిటని. చెవి తమ్మె వైద్యంలో తొంభై పాళ్లు ఆ అడ్డు తీయడమే.

తమ్మె నిర్మాణం చూస్తే దాని శక్తి అర్థమవుతుంది. చెవిలో పై భాగమంతా మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక. కింద వేలాడే తమ్మెలో మాత్రం అది లేదు. అక్కడ ఉన్నది కొవ్వూ, నారలాంటి కణజాలమూ, వాటి మధ్య దట్టంగా అల్లుకున్న రక్తనాళాలూ. నెత్తురు బాగా అందే చోట పుండు త్వరగా మానుతుంది, తెల్లకణాలు త్వరగా చేరుకుంటాయి. అయితే చెవి కుట్టు మామూలు గాయం కాదు. దాన్ని పూడిపోకుండా మనమే ఆపుతాం. రంధ్రం రెండు చివరల నుంచీ చర్మం లోపలికి పాకి, పోగు చుట్టూ సొరంగంలా పూర్తిగా పరుచుకోవాలి. అందుకు సుమారు ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ లోపలి మాంసం పచ్చిగానే ఉంటుంది, పైగా అందులో ఒక లోహపు కమ్మి దిగి ఉంటుంది.

ఆ కమ్మి ఎంత తేడా తెస్తుందో తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది. చీముకు ముఖ్య కారణం స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి. స్కాట్లాండులోని ఆబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ 1880 ప్రాంతంలో కురుపుల చీములో దాన్ని గుర్తించి, 1882లో ఆ పేరు పెట్టాడు. అది మన చర్మం మీదా ముక్కులోనూ మామూలుగానే కాపురం ఉంటుంది. మరి రోజూ చీము ఎందుకు పట్టదు? 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల చర్మంలోకే ఈ సూక్ష్మజీవులను ఎక్కించి చూశారు. ఉత్త చర్మంలో చీము పుట్టించడానికి కొన్ని పదుల లక్షల సూక్ష్మజీవులు కావలసి వచ్చాయి. అదే చోట ఒక పట్టుదారం కుట్టు వేసి ఉంచితే కొన్ని వందలే సరిపోయాయి. పరాయి వస్తువు ఒకటి ఒంట్లో ఉంటే శరీరపు రక్షణ సుమారు పదివేల రెట్లు తగ్గిందన్నమాట. ముక్కులో వేలు పెట్టుకుని అదే వేలితో కొత్త దుద్దును తడుముకునే మూడేళ్ల పిల్ల ఒక్క క్షణంలో అంతకన్నా ఎక్కువ సూక్ష్మజీవులనే అంటించగలదు.

అలాగని ప్రతి కుట్టూ చీము పట్టడం లేదు. చాలామంది పిల్లలకు ఏ ఇబ్బందీ లేకుండానే మానుతుంది. తేడా ఎక్కడ వస్తోందని వెతికితే, ఎక్కువసార్లు బయటపడేది బిగింపు. వెనక శీల తమ్మెకు అతుక్కునేలా బిగిస్తే అక్కడి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, గాలి ఆడదు, ఊరిన రసికి బయటికి దారి ఉండదు. దుకాణాల్లో వాడే గన్‌తో చిక్కు ఇక్కడే. అందులోని దుద్దు కమ్మి పొట్టిది. కుట్టగానే తమ్మె వాచడం సహజం. ఆ వాపుకు కమ్మి మీద చోటు మిగలదు. పైగా ఆ దుద్దు మొన సూదిలా కోసుకుంటూ పోదు, స్ప్రింగు దెబ్బతో మాంసాన్ని చీల్చుకుంటూ దిగుతుంది. వాపు పెరిగితే దుద్దు ముందు పూసో వెనక శీలో తమ్మెలోకే కూరుకుపోతుంది, పైన చర్మం కప్పేస్తుంది. అలా శీల లోపలే ఉండిపోయిన పిల్లలకు మత్తు సూది ఇచ్చి దాన్ని బయటికి తీయాల్సి వస్తుంది.

బిగింపు మీద నేరం మోపడం ఇప్పటి వైద్యుల కొత్త ఆలోచన కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం పదహారో అధ్యాయం చెవులు కుట్టడం గురించే. ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలనీ, బిడ్డను దాది ఒడిలో కూర్చోబెట్టి, తమ్మెను ఎండకు పట్టి చూసి, వెలుగు పారే పల్చటి చోట సూది దించాలనీ, ఆపైన దూది వత్తి పెట్టి నూనె రాయాలనీ అందులో ఉంది. తరువాత వచ్చే భాగం మన వాదనకు మరీ దగ్గరిది. కుట్టిన చోట వాపూ నొప్పీ రావడానికి ఆ గ్రంథం చెప్పే కారణాల్లో మొద్దు సూది, తప్పు చోట పొడవడం, దోషాల ప్రకోపంతో పాటు వత్తి మరీ బిగుతుగా ఉండటం కూడా ఒకటి. చికిత్సలో మొదటి మెట్టు లేపనం కాదు. ముందు వత్తిని వెంటనే తీసేయాలి. ఆ తరువాతే యష్టిమధుకం, ఆముదపు వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరి తేనె, నెయ్యి కలిపిన పూత. బాగా మానాక మళ్లీ కుట్టుకోవచ్చునని కూడా ఉంది. సంప్రదాయం పేరుతో పూతను పట్టుకున్న మనం, దానికన్నా ముందున్న మాటను వదిలేశాం.

ఇక్కడ చురుకైన పాఠకుడు నన్ను నిలదీస్తాడు. కమ్మి ఉండటమే కీడు అయితే, చీము కనబడగానే దుద్దు తీసి పారేయమని చెప్పొచ్చు కదా, అలా అనకుండా నేటి చర్మవైద్యులు చాలామంది ‘తొందరపడి తీయొద్దు’ అంటారేమిటి? ఇది నిజమైన చిక్కే. జవాబు ఏమిటంటే ఆ కమ్మి రెండు పనులు చేస్తోంది. సూక్ష్మజీవులకు ఆసరా ఇస్తోంది, అదే సమయంలో చీము బయటికి రావడానికి వాకిలి తెరిచి ఉంచుతోంది. కొత్త కుట్టు నుంచి దుద్దు తీస్తే పై చర్మం చూస్తుండగానే మూసుకుంటుంది, లోపలి చీము లోపలే గడ్డకడుతుంది. కనుక నిర్ణయం దుద్దును బట్టి కాదు, చీము దారిని బట్టి ఉండాలి. ఎరుపు దుద్దు చుట్టూ మాత్రమే ఉండి, రసి బయటికి వస్తూ, దుద్దు వదులుగా కదులుతూ ఉంటే దాన్ని ఉంచి, వెనక శీలను సడలిస్తే చాలు. శీల సడలించడానికి కమ్మి పొడవు చాలకపోతేనో, తమ్మె గట్టిగా ఉబ్బి రసి రావడం ఆగిపోయి సలుపు పెరుగుతుంటేనో, దుద్దు లోపలికి దిగబడుతుంటేనో, అక్కడ వాకిలి ఇప్పటికే మూసుకుపోయింది. అప్పుడు దుద్దు తీయాల్సిందే. తీయాల్సింది డాక్టరు. ఇంట్లో పట్టకారుతో లాగడం వద్దు. కుట్టు పూడిపోతుందన్న బెంగతో రెండు రోజులు ఆగే తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఒక్కటే: కుట్టు పూడితే కొన్ని నెలల తరువాత మళ్లీ కుట్టుకోవచ్చు, చీముకు చిరిగి సాగిన తమ్మెను బాగుచేయడానికి సర్జన్ కావాలి.

దారి తెరిచి ఉంచే సాధనం చాలా సాదా వస్తువు, ఉప్పునీరు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపితే అది ఒంట్లోని ద్రవాలతో సరితూగుతుంది, కొత్త కణాలను నొప్పించదు. ఇంటి కొలతలో అయితే, కాచి చల్లార్చిన పావు లీటరు నీటికి చిన్న చెంచాలో మూడో వంతు ఉప్పు. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చటి ఆ నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డను తమ్మె మీద ముందూ వెనకా ఐదేసి నిమిషాలు రోజుకు రెండు మూడుసార్లు ఉంచితే పక్కు నాని ఊడుతుంది, రసి కారుతుంది. గోటితో పక్కు గిల్లకూడదు. అతుక్కుపోతుందని రోజూ దుద్దును గుండ్రంగా తిప్పే అలవాటు కూడా మానాలి. తిప్పిన ప్రతిసారీ లోపల అప్పుడే పాకుతున్న పల్చటి చర్మం చిరుగుతుంది, మానే గడువు మళ్లీ మొదటికొస్తుంది. డెటాల్, స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు సూక్ష్మజీవులను చంపుతాయన్న మాట నిజమే, కాని పుండును పూడ్చే కణాలనూ అవే చంపుతాయి. మంట పుట్టింది కాబట్టి మందు పనిచేస్తోందనుకోవడం మన ఇళ్లలో పాతుకుపోయిన భ్రమ. తువ్వాలు దారం, స్వెటర్ టోపీ, జడ వెంట్రుకలు దుద్దుకు చిక్కుకుని లాగడం కూడా అడ్డంకుల కిందికే వస్తుంది. పసిబిడ్డ పడుకునేటప్పుడు తల ఎటు తిప్పుతోందో కనిపెట్టి, నొప్పి ఉన్న చెవి పక్కకు నొక్కుకోకుండా చూడాలి.

మరి అమ్మమ్మల పసుపు తప్పా అని అడుగుతారు. తరతరాలుగా పసుపూ కొబ్బరినూనే రాశాం, మా చెవులు మానలేదా అని. మానాయి. అయితే అవి పూత వల్ల మానాయా, పూత ఉన్నా మానాయా అన్నది తేలాలంటే పూయని చెవులతో పోల్చి చూడాలి. తమ్మెకు ఉన్న నెత్తురు సరఫరాకు చాలా పుండ్లు ఏమీ రాయకపోయినా మానతాయి. పసుపులోని కర్‌క్యుమిన్‌కు పరీక్షనాళికలో సూక్ష్మజీవుల మీద కొంత ప్రభావం కనబడిన మాట వాస్తవం. వంటింటి డబ్బాలోని పసుపు మాత్రం పరీక్షనాళికలోది కాదు. అది స్టెరిలైజ్ చేసినది కాదు, తడి చెంచా తగిలినది, కొన్నిసార్లు రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేటుతో కల్తీ అయినది. అంతకన్నా పెద్ద అభ్యంతరం భౌతికమైనది. నూనెలో కలిపిన పసుపు ఎండి, దుద్దు చుట్టూ మేకులా బిగుసుకుని, మనం తెరవాలనుకుంటున్న దారినే మూసేస్తుంది. పైగా ఆ పచ్చరంగు కింద ఎరుపు ఎంతవరకు పాకిందో డాక్టరుకు కూడా కనబడదు. మానిన కుట్టుకు చుక్క కొబ్బరినూనె రాస్తే నాకేమీ అభ్యంతరం లేదు. చీము కారుతున్న కుట్టుకు వద్దు. బూడిద, పేడ, మట్టి అనేవాటిని మాత్రం వాదనకు కూడా తీసుకోను. ధనుర్వాతపు బీజాలు నివసించేది అక్కడే.

రెండో అభ్యంతరం ఎదుటి పక్షం నుంచి వస్తుంది. ఈ తతంగమంతా దేనికి, రెండు రోజులు యాంటీబయాటిక్ సిరప్ పడితే పోదా అని. చీము గడ్డలోకి మందు సరిగా చేరదు. నెత్తురు అందని చోటికి నెత్తురులోని మందు కూడా అందదు. దారి మూసి మందు తాగిస్తే, మందు ఆపగానే పుండు మళ్లీ లేస్తుంది. తమ్మెకే పరిమితమైన చిన్న ఇన్ఫెక్షన్‌కు ఉప్పునీటితో పాటు డాక్టరు రాసిచ్చిన మ్యుపిరోసిన్ వంటి పైపూత చాలావరకు సరిపోతుంది. ఎరుపు తమ్మె దాటి పాకితే, జ్వరం వస్తే, మెడలో బిళ్లలు కడితే, అప్పుడు నోటి మందు అవసరం. దాన్ని బిడ్డ బరువును బట్టి డాక్టరు లెక్కగడతాడు, చెప్పినన్ని రోజులూ వాడాలి. షాపులో అడిగి తెచ్చే ట్యూబుల్లో ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే క్రీముల్లో స్టెరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసినవి ఉంటాయి. స్టెరాయిడు ఎరుపును చల్లారుస్తుంది, కాబట్టి తగ్గినట్టే కనబడుతుంది. నిజానికి అది శరీరపు పోరాటాన్ని ఆపుతోంది, సూక్ష్మజీవులు కింద నిశ్చింతగా పెరుగుతుంటాయి.

అసలు అది ఇన్ఫెక్షనేనా అన్నది కూడా తేల్చుకోవాలి. కుట్టు ఎప్పుడో మానిపోయి, నెలల తరువాత దుద్దులు మార్చగానే రెండు తమ్మెలూ దురదపెట్టి, పొట్టు లేచి, నీరు కారితే అది చాలావరకు నికెల్ ఎలర్జీ. ఇన్ఫెక్షన్ నొప్పిపెడుతుంది, ఎలర్జీ దురదపెడుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగిన గుర్తు కాదు గాని మొదటి అంచనాకు పనికొస్తుంది. వన్ గ్రామ్ గోల్డ్ నగల్లో పైపూత అరిగితే కింది లోహం చర్మానికి తగులుతుంది. హాల్‌మార్క్ 916 బంగారంలో 91.6 శాతం బంగారం. మిగతా భాగం సాధారణంగా రాగి, వెండి కాబట్టి ఇబ్బంది తక్కువ. డెన్మార్క్ 1990లోనే నగల్లోని నికెల్ మీద ఆంక్షలు పెట్టింది, 1994లో యూరోపియన్ యూనియన్ అంతటికీ చట్టం వచ్చింది. ఆ తరువాత చెవులు కుట్టించుకున్న డేనిష్ ఆడపిల్లల్లో ఈ ఎలర్జీ తగ్గింది. అడ్డు తీస్తే ఒంటికి మందుతో పనిలేదనడానికి ఇంతకన్నా పెద్ద ఎత్తున జరిగిన రుజువు నాకు తెలియదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా తమ్మెకే. చెవి పై అంచుకు ఇందులో ఒక్క ముక్కా వర్తించదు. వెనకటి తరం ఆడవాళ్లు బావిలీలు పెట్టుకున్న చోట ఇప్పుడు హైస్కూలు పిల్లలు ఫ్యాషన్‌గా కుట్టించుకుంటున్నారు. అక్కడున్న మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. పైన అంటుకుని ఉన్న పల్చటి పొరే దానికి తిండి పెడుతుంది. చీము ఆ పొరను లేపిందంటే మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి ముడుచుకుపోతుంది, ఆ వంకర జీవితాంతం ఉంటుంది. అక్కడ చేరేది తరచుగా సూడోమోనాస్, తడిలో బతికే సూక్ష్మజీవి. 2000లో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో ఒకే దుకాణంలో పై చెవి కుట్టించుకున్న ఏడుగురికి ఇది సోకినట్టు రుజువైంది, అక్కడే చెవులు కుట్టించుకున్న మరో 18 మందికి సోకిందన్న అనుమానం మిగిలింది. ఆరా తీస్తే దొరికిన మూలం, శుభ్రం చేయడానికి వాడే క్రిమినాశిని సీసాయే. గన్ మెరుస్తోంది, దుకాణంలో ఏసీ ఉంది, కాబట్టి శుభ్రం అనుకునేవారికి ఈ సంగతి చాలు. ప్లాస్టిక్ భాగాలున్న గన్ చాలావాటిని 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెట్టడం కుదరదు. ఒక్కసారి వాడి పారేసే సూది చవక, దానికి ఆ సమస్యే లేదు. పై చెవి ఎర్రబడి నొప్పిపుడితే ఉప్పునీటితో ఒక్క రోజు కూడా గడపొద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

అంత ముప్పు ఉంటే పిల్లలకు చెవులు కుట్టడమే మానేయమనొచ్చు కదా? బిడ్డ పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలన్న వాదనలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అయితే ఆలస్యానికీ ఒక ధర ఉంది. కీలాయిడ్లు, అంటే గాయం మచ్చ కాయలా పెరగడం, వచ్చే స్వభావం ఉన్నవాళ్లలో 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్నవారికి అవి ఎక్కువగా వస్తున్నాయని 2005లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. కుట్టించాలనుకున్నవాళ్లు ముహూర్తం కన్నా టీకా కార్డు చూడటం మేలు. మన టీకాల పట్టికలో ధనుర్వాతపు రక్షణ ఉన్న పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు ఇస్తారు. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో కుట్టేనాటికి బిడ్డకు సొంత రక్షణ ఏదీ ఉండదు, గర్భిణిగా తల్లి తీసుకున్న ఇంజెక్షనే దిక్కు. ఆరో నెలకు మూడు డోసులూ పూర్తయి ఉంటాయి. సుశ్రుతుడు చెప్పిన నెలా నేటి టీకాల లెక్కా అక్కడ కలవడం కాకతాళీయమే కావచ్చు, పెద్దలను ఒప్పించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మల్కాజ్‌గిరి వాసికి ఈ పుండు చూపించడానికి దూరం పోనక్కర్లేదు. మొదటి చూపుకు బస్తీ దవాఖానా, ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. చెవి పై భాగమైతే కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, బాగా జబ్బుపడిన పసిబిడ్డ అయితే నీలోఫర్ లేదా గాంధీ ఆసుపత్రి. మూడు నెలలు నిండని బిడ్డకు చెవి పుండుతో పాటు జ్వరం వస్తే అది ఏ వేళైనా సరే ఆసుపత్రికి పోవాల్సిన సంగతి. రెండు రోజుల ఉప్పునీటికి తగ్గుముఖం పట్టని తమ్మెను మూడో రోజున చూపించాలి. చెవి మానాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. చర్మం మీద స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పుండు పడ్డ పిల్లల్లో ఎప్పుడో ఒకరికి, మూడు నుంచి ఆరు వారాల తరువాత, మూత్రపిండాలు వాస్తాయి. చెవి కుట్టు పుండు తరువాత ఇలా జరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పొద్దున లేచేసరికి బిడ్డ మొహం, కనురెప్పలు ఉబ్బి ఉన్నా, మూత్రం డికాషన్ రంగులోకి మారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, నెల కిందట చెవికి చీము పట్టిన సంగతి మీరే గుర్తుచేసి చెప్పండి.